క్యాబేజీలో మందు

“తినకండి! ఎవరూ తినకండి! అందులో మందుంది!”

క్యాంటీన్ మొత్తం ఒక్కసారిగా టపాకాయ వైపు తిరిగింది.

టపాకాయ అనేది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. ఐదో తరగతి చదువుతోంది. కోపం వస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. “దీని లోపల మందు కూరి, వత్తి మాత్రం బయట పెట్టి పంపారు” అని తాతయ్య ఎప్పుడో నవ్వాడు. ఇంట్లోనూ స్కూల్లోనూ ఆ పేరే అతుక్కుపోయింది.

ఇప్పుడు ఆ వత్తి అంటుకుంది. టపాకాయ భోజనాల బల్ల ఎక్కి నిలబడింది. చెయ్యి చాచి వడ్డించే చోట ఉన్న పెద్ద గిన్నెను చూపిస్తోంది. గిన్నెలో క్యాబేజీ కూర ఉంది. మామూలు క్యాబేజీ కాదు, ఊదారంగుది.

వంట పెద్దమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

“ఏంటే ఆ గోల? ముందు బల్ల దిగు!”

“దిగను! మా తమ్ముడు పొద్దున్నుంచి వాంతులు చేసుకుంటున్నాడు. రాత్రి మేం తిన్నది ఈ క్యాబేజీనే. వాంతి కూడా ఊదారంగులోనే వచ్చింది!”

ముందు వరుసలో ఒకడు “యాక్!” అని పళ్లెం దూరంగా తోశాడు.

“కూరల అత్త తన నోటితోనే చెప్పింది. పొద్దున నిమ్మకాయల కోసం కొట్టుకి వెళ్లినప్పుడు విన్నాను. ఒక మామ్మగారితో అంటోంది. ‘దీని రంగులోనే ఉంది మందు’ అని. ‘పైపైన కడిగితే పోయేది కాదు, ఆకు లోపలే ఉంటుంది’ అని కూడా అంది!”

కళ్ళజోడు అనే కుర్రాడు పళ్లెం పట్టుకుని తల ఎత్తి చూశాడు.

“ఏ మందు?”

“ఏంటి?”

“మా నానమ్మ మోకాళ్ళకి రాసుకునేది కూడా మందే కదా. ఇది ఏ మందు?”

నలుగురైదుగురు కిసుక్కున నవ్వారు. టపాకాయకు చెవులు వేడెక్కాయి. తమ్ముడు అక్కడ మంచం మీద వాడిపోయి పడుంటే, వీళ్లకి నవ్వొస్తోంది!

“ఏ మందేంటి? మందంటే మందే! పురుగుల మందు!”

నవ్వులు ఆగిపోయాయి. పళ్లాలు ఒక్కొక్కటిగా బల్ల మీదికి దిగాయి.

వరుస చివరి నుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. “మా అమ్మ పురుగుల మందున్న కూరలు అమ్మదు.”

అది పిచ్చుక. కూరల అత్త కూతురు. ఒకటో తరగతి నుంచీ టపాకాయ పక్కన కూర్చునే పిల్ల. ఆమె చేతిలో ఖాళీ పళ్లెం ఉంది.

“అయితే మా తమ్ముడు నాటకాలాడుతున్నాడా?” అంది టపాకాయ.

“నాకు తెలీదు. మా అమ్మ అమ్మదు. అంతే.”

“మీ అమ్మ కాబట్టి నువ్వలాగే అంటావు!”

పిచ్చుక పళ్లెం బల్ల మీద దబ్బున పడేసి బయటికి వెళ్లిపోయింది.

గోల విని పెద్ద టీచర్ వచ్చారు. సంగతంతా విన్నారు. గిన్నెలోకి చూశారు. వంట పెద్దమ్మ ముఖంలోకి చూశారు.

“నేను శుభ్రంగా కడిగే వండాను” అంది వంట పెద్దమ్మ కోపంగా. “ఇన్నేళ్ళుగా ఆవిడ దగ్గరే తెస్తున్నాం. ఏనాడూ ఏం కాలేదు.”

“కాలేదు. కానీ పిల్లల తిండి. విన్నాక ఊరుకోలేను” అన్నారు పెద్ద టీచర్. “మిగిలిన కూరలు ఇవాళే ఆ కొట్టుకి తిప్పి పంపించండి. రేపు భోజనాల వేళకి సంగతి తేలాలి. తేలకపోతే కూరలు వేరేవాళ్ళని తెమ్మందాం.”

ఆ రోజు పిల్లలంతా ఉత్త రొట్టె తిన్నారు.

*

సాయంత్రం టపాకాయ ఇంట్లో కుట్టుమిషన్ గడగడలాడుతోంది. అమ్మ ఎవరిదో చొక్కాకి కాలర్ వేస్తోంది. మంచం మీద తమ్ముడు బుడ్డోడు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తాతయ్య వాడి నోట్లో చెంచాతో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పోస్తున్నాడు.

“నేను అరవకపోయి ఉంటే స్కూలంతా వాంతులే!” అని టపాకాయ గొప్పగా చెబుతోంది.

తలుపు ధడేల్‌మంది. కూరల అత్త లోపలికొచ్చింది. నెత్తి మీది గంపను గది మధ్యలో దించింది. నిండా ఊదారంగు క్యాబేజీలు.

“ఏమ్మా, క్యాంటీన్‌లో ఉపన్యాసం ఇచ్చావట? నాక్కూడా వినిపించు. బల్ల కావాలంటే ఎక్కు!”

“ఏమైంది వదినా?” అంది అమ్మ. మిషన్ మీద చెయ్యి ఆగింది.

“నీ కూతుర్నే అడుగు! నేను పిల్లల తిండిలో పురుగుల మందు పెడుతున్నానట! పొద్దున పంపిన గంప మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చింది. రోజూ కొనేవాళ్ళు నన్ను చూసి అటు తిరిగి పోతున్నారు. స్కూలు వాళ్ళు మానేస్తే నా కొట్టు నడుస్తుందా? ఎవరో అంటే పోనీలే అనుకుందును. నా చేతిముద్దలు తిని పెరిగిన పిల్ల అంది వదినా!”

టపాకాయ కూడా తగ్గలేదు. “నువ్వే అన్నావు అత్తా! మందుందని మామ్మగారికి చెప్పావు. నేను విన్నాను!”

“అన్నాను! ఇప్పుడూ అంటాను! ఏ మందని చెప్పాను?”

టపాకాయ గుర్తు చేసుకోబోయింది. మందు అన్న మాట ఒక్కటే గుర్తొచ్చింది.

“చెప్పవే! పురుగుల మందు కొట్టిన కూరైతే, కొనేవాళ్ళని పిలిచి మరీ చెప్తానా? నాకేమన్నా పిచ్చా?”

కూరల అత్త గంపలోంచి ఒక క్యాబేజీ తీసి చూపించింది.

“ఒంటికి మంచిదని చెప్పానే! ఆ ఊదారంగులో ఏదో ఉందట. మేలు చేస్తుందట. దాని పేరు చెప్పబోతే నాకు నోరు తిరగలేదు. అందుకని మందన్నాను.”

“నీకెవరు చెప్పారు?”

“నా కూతురు. దానికెవరు చెప్పారనుకున్నావు? మీ సైన్స్ టీచర్! మీ క్లాసులోనే! ఆ పూట నువ్వెక్కడికి పోయావు?”

టపాకాయ ఎక్కడికీ పోలేదు. క్లాసులోనే ఉంది. టీచర్ బోర్డు మీద క్యాబేజీ బొమ్మ వేయడం కూడా గుర్తుంది. ఆ తర్వాతదే గుర్తు లేదు. అప్పుడు తన రబ్బరు కళ్ళజోడు కొట్టేశాడని వాడి జుట్టు పట్టుకుని ఉంది.

ఆమె దగ్గర ఇంకొక్కటే మిగిలింది. “మరి తమ్ముడికెందుకు వాంతులయ్యాయి?”

మంచం మీద దుప్పటి కదిలింది. కళ్ళు మాత్రం బయటికి వచ్చాయి.

“అక్కా… నీ క్రీమ్ బన్ను నేనే తిన్నాను.”

“ఏ బన్ను?”

“బీరువాలో నీ స్వెట్టర్ కింద దాచుకున్నావే, అది. నువ్వు మర్చిపోయావనుకున్నా. పుల్లగా ఉంది. కొంచెం బూజు కూడా ఉంది. గిల్లేసి తిన్నా.”

“ఒరేయ్! ఆ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదురా!” టపాకాయ అరుపుకి గోడ మీది గడియారం అదిరింది.

“ఇదిగో, ఇందుకే” అని బుడ్డోడు దుప్పటిలోకి దూరిపోయాడు.

తాతయ్యకు నవ్వు ఆగలేదు. కూరల అత్త చూసిన చూపుకి చెంచా వైపు తల దించుకున్నాడు.

టపాకాయ నేలను చూస్తూ, “సారీ అత్తా” అంది.

“వినపడలేదు.”

“సారీ.”

“ఈ నాలుగు గోడల మధ్య నా చెవిలో చెప్తావా?” కూరల అత్త గంప ఎత్తుకుంది. “అరవడానికి బల్ల ఎక్కావు కదే. సారీకి మాత్రం గొంతు పట్టేసిందా?”

ఆమె వెళ్లిపోయింది. తలుపు అలాగే ఊగుతోంది.

“అమ్మా, నువ్వు రేపు స్కూలుకొచ్చి పెద్ద టీచర్‌కి…”

“నేను రాను” అంది అమ్మ. ఆ గొంతులో కోపం టపాకాయ కోపంలా పేలలేదు. అంతకన్నా భయపెట్టేలా ఉంది. “నీ నోరు, నీ మాట. నేనెందుకు రావాలి?”

మిషన్ మళ్ళీ గడగడా మొదలైంది. ఈసారి ఇంకా వేగంగా.

టపాకాయకు అందరి మీదా కోపం వచ్చింది. బన్ను మీద, బుడ్డోడి మీద, నవ్విన తాతయ్య మీద. ఒక్క మాటకి ఇన్ని అర్థాలు పెట్టినవాళ్ళ మీద. గుమ్మం దగ్గర చెప్పును కాలితో ఎగరేసి తన్నింది. అది వెళ్లి బయట బురదలో పడింది. తీసి కడుక్కోవాల్సిందీ తనే.

*

పొద్దున స్కూలు దారిలో పిచ్చుక ఎదురుపడింది. టపాకాయను చూడగానే వీధి దాటి అటువైపు నడిచింది. అటువైపు నీడ కూడా లేదు.

టపాకాయ తిన్నగా సైన్స్ గదికి వెళ్లింది. టీచర్ ఒక్కతే గాజు గ్లాసులు తుడుస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

“నీ రబ్బరు దొరికిందా?”

టపాకాయ ముఖం మాడిపోయింది. “దొరికింది టీచర్.”

“మరి పాఠం?”

“పోయింది.”

“ఆ పాఠం చెప్పడానికి నేను ఎంత కష్టపడ్డానో తెలుసా? పిచ్చుక ఒక్కతీ ఇంటికెళ్లి వాళ్ళ అమ్మకి చెప్పిందని నిన్నే తెలిసింది. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.” టీచర్ గ్లాసు ఠక్కున పెట్టింది. “ఎందుకొచ్చావు?”

“ఆ పాఠం మళ్ళీ చెప్తారా?”

టీచర్ చేతులు తుడుచుకుంది. తర్వాత అల్మారాలోంచి సగం కోసిన ఊదారంగు క్యాబేజీ తీసింది. ఆకులు ముక్కలుగా చింపి గ్లాసులో వేసి వేడినీళ్ళు పోసింది. నీళ్ళు మెల్లగా ఊదాగా మారాయి.

“ఈ రంగు పేరు ఆంథోసయనిన్. నేరేడు పండులో, నల్ల ద్రాక్షలో ఉండేది కూడా ఈ రకమే. ఎండ ఎక్కువైనప్పుడూ, చలి ఎక్కువైనప్పుడూ తనను కాపాడుకోవడానికి మొక్కే తయారు చేసుకుంటుంది. మొక్క తన కోసం చేసుకున్నది మనం తింటే, మన ఒంటికీ కొంత మేలు చేస్తుందని శాస్త్రవేత్తలు అంటున్నారు.”

“అంటే మందే కదా?”

“కాదు. జ్వరమొస్తే క్యాబేజీ తిని పడుకుంటే తగ్గదు. డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. ఇది తిండి. మంచి తిండి. అంతే.” టీచర్ ఆ నీళ్ళను మూడు గ్లాసుల్లోకి వంచింది. “ఒకదాంట్లో నిమ్మరసం పిండు.”

టపాకాయ పిండింది. ఊదా నీళ్ళు ఒక్కసారిగా గులాబీరంగు అయిపోయాయి. ఆమె కోపం కూడా ఒక్క క్షణం ఎక్కడికో పోయింది.

“ఇంకోదాంట్లో వంటసోడా.”

ఆ నీళ్ళు నీలంగా మారాయి.

“ఇది చూపిస్తే పురుగుల మందు లేదని అందరూ నమ్ముతారు కదా టీచర్?”

“నమ్మకూడదు. ఈ రంగు ఆకుదేనని మాత్రమే ఇది చెబుతుంది. పురుగుల మందు ఉందో లేదో దీనితో తేలదు.” టీచర్ వంగి ఆమె కళ్ళలోకి చూసింది. “అసలు పురుగుల మందు అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? కూరల కొట్టు నుంచా?”

టపాకాయ నీలం గ్లాసును పక్కకు జరిపింది.

“నా నోట్లోంచి.”

“అయితే అదే చెప్పు” అంది టీచర్. గ్లాసులున్న ట్రే ఆమె ముందుకు జరిపింది.

*

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. క్యాంటీన్ నిండిపోయింది. పెద్ద టీచర్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. వంట పెద్దమ్మ ఉల్లిపాయలు తప్ప ఏమీ తరగలేదు. కత్తి పక్కన పెట్టి ఎదురుచూస్తోంది.

టపాకాయ అదే బల్ల ఎక్కింది. నిన్న ఎక్కినప్పుడు ఆ బల్ల ఇంత ఎత్తుగా లేదు.

“నిన్న నేను చెప్పింది…”

“వినపడట్లేదు!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

“టపాకాయ తడిసిపోయింది! తుస్!” అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

టపాకాయ చెవులు మళ్ళీ వేడెక్కాయి. దిగి వాడి వీపు మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది. పిడికిళ్ళు బిగించింది. దిగలేదు. ఊపిరి గట్టిగా లాగి, నిన్నటి గొంతుతోనే అరిచింది.

“నిన్న నేను చెప్పింది తప్పు! కూరల అత్త మందు అంది. పురుగుల మందు అనలేదు! పురుగుల అనే మాట నేను కలిపాను! నాకు ఎవరూ చెప్పలేదు. కోపంలో నేనే కలిపాను!”

వెనక వరుసవాళ్ళు మెడలు సాచి చూశారు.

“మా తమ్ముడు తిన్నది బూజు పట్టిన బన్ను! అది కూడా నేను దాచిందే!”

ఈసారి నవ్వులు వేరేగా వచ్చాయి. వంట పెద్దమ్మ కూడా గరిటె అడ్డం పెట్టుకుని నవ్వింది. టపాకాయ నవ్వులు ఆగేదాకా నిలబడింది. తర్వాత మూడు గ్లాసులూ బల్ల మీద పెట్టి, రంగు సంగతి చెప్పింది. ఆంథోసయనిన్ అనే చోట రెండుసార్లు నాలుక మడతపడింది. మిగిలిన ఊదా గ్లాసులో నిమ్మరసం పడగానే, “ఓ!” అంటూ వెనకవాళ్ళంతా ముందుకు తోసుకొచ్చారు.

కళ్ళజోడు గులాబీరంగు గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. “నేను నిన్ననే అడిగాను, ఏ మందని.”

“అవును” అంది టపాకాయ పళ్ళు బిగబట్టి. “అడిగావు. నేను వినలేదు.”

పెద్ద టీచర్ చేతులు విప్పారు. “పెద్దమ్మా, కూరల కొట్టుకి కబురు పంపండి. గంప ఎప్పటిలాగే రావాలని చెప్పండి. నేను కూడా సాయంత్రం వెళ్లి ఆవిడతో మాట్లాడాలి. విన్న వెంటనే గంప తిప్పి పంపింది నేనే కదా.”

టపాకాయ బల్ల దిగింది. పిచ్చుక కిటికీ పక్కన ఒంటరిగా ఉత్త రొట్టె తింటోంది. మొత్తం విన్నది. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. టపాకాయ వెళ్లి ఆ బల్లకే ఇటు చివర కూర్చుంది. పిచ్చుక పొమ్మనలేదు. దగ్గరికీ జరగలేదు.

సాయంత్రం టపాకాయ కూరల కొట్టు ముందు నిలబడింది. అత్త పలకరించలేదు. తక్కెడ తుడుస్తూనే ఉంది. టపాకాయ డబ్బులు గట్టు మీద పెట్టి, గంపలోంచి ఊదారంగు క్యాబేజీ ఒకటి తీసుకుని, ఇంటికి వెళ్ళే వీధిలో నలుగురికీ కనపడేలా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నడిచింది.

“దాన్ని కడిగి మరీ వండమని మీ అమ్మకి చెప్పు!” అని వెనక నుంచి అత్త అరిచింది. కోపంగానే అరిచింది. కానీ అరిచింది.

*

రెండు రోజులకు బుడ్డోడు లేచి వీధిలోకి పరిగెత్తాడు. అంతకన్నా వేగంగా తిరిగొచ్చాడు.

“అక్కా! పిచ్చుక అందరి ముందూ నీ గురించి ఏమందో తెలుసా? ‘దాంట్లో మందుంది’ అంది!”

టపాకాయ చేతిలోని పెన్సిల్ విసిరేసింది. మందా! అందరి ముందూనా! అన్నిసార్లు తప్పు ఒప్పుకున్నాక కూడానా! చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దూకింది. బుడ్డోడు సరదా చూడడానికి వెనకే పరిగెత్తాడు.

పిచ్చుక కొట్టు ముందు నిలబడి కొత్తిమీర కట్టలు కడుతోంది. టపాకాయ రొప్పుతూ ఎదురుగా వెళ్లి నిలబడింది. నోటి దాకా వచ్చిన మాటలన్నీ అక్కడే ఆపేసింది. వాటిని మింగడానికి రెండు గుక్కలు పట్టింది.

“నాలో మందుందన్నావట?”

“అన్నాను.”

“ఏ మందు?”

పిచ్చుక ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. కట్టకు ముడి వేసింది.

“ఇంకా తేల్చుకోలేదు” అని, మిగిలిన కొత్తిమీర సగం ఆమె వైపు తోసింది. “కట్టు.”